లెక్కల పటము గీయు విధము

జాకార్డు బుటాను గళ్ళ కాగితముపై దింపునప్పుడు గడికి ఎన్ని పోగులో ముందే నిర్ణయించుకొందుము. లెక్కల పటమునకును అదే నియమము.

చేనేత గణన ప్రకారము దేశమందు నేతపనివారు, అనుబంధ పనివారు కలిసి 2009–10లో 43.31 లక్షలు, 2019–20లో 35.22 లక్షలు. గడికి లక్ష చొప్పున సున్న నుండి రెండు నిలువు పట్టెలు గీచినచో, రెండవది మొదటిదానిలో దాదాపు ఐదింట నాలుగు వంతులుండును. సున్నకు బదులు 30 లక్షల నుండి మొదలిడినచో ఐదింట రెండు వంతులుగానే కనబడును!

చెన్నైలో అధికారులకిచ్చు అర్జీకి నేను మొదట అట్లే గీచితిని. చూచినవారి గుండె అదరవలెనని ఆశ. మా సంఘములోని పెద్దలొకరు చూచి, “కార్యదర్శిగారూ, అడుగు కత్తిరించి చీర పొడవు చెప్పుదురా?” అనిరి. మరల గీచితిని. అధికారి స్కేలు పెట్టి చూచెనా, నిజమైన లెక్కను గూడ నమ్మడు. పదేండ్లలో 8 లక్షలకు పైగా తగ్గిరి. దానిని పెద్దది చేసి చూప పనిలేదు.

పట్టెపైన సంఖ్య, కింద సంవత్సరము వ్రాయుడు. రంగు ఒక్కటి చాలును. ఇది కోక కాదు.