చెట్టు మీద మొలిచినదంతా బదనిక కాదు

మామిడి కొమ్మ మీద ఏది మొలిచినా బదనికే అని కొట్టి పారేయడం మనలో చాలామందికి అలవాటు. ఆ వేటుకు ఏ పాపమూ ఎరుగని మొక్క ఒకటి కూడా పోతున్నది. దాని శాస్త్రీయ నామం రింకోస్టైలిస్ రెటూసా, ఆర్కిడ్ కుటుంబానికి చెందినది. ఈ ప్రజాతిని 1825లో బ్లూమ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఏర్పరచాడు. ఉష్ణమండల ఆసియాలో పెరిగే ఈ ప్రజాతిలో జాతులు మూడు నాలుగే. వాటిలో రెటూసా మన తూర్పు కనుమలలోనూ ఉన్నది.

తేడా ఎలా పోల్చుకోవాలి? బదనిక విత్తనం జిగురుగా ఉంటుంది. పిట్ట పండు తిని, విత్తనాన్ని కొమ్మకు పులిమి పోతుంది. మొలక బెరడును చీల్చుకొని లోపలి కలపను పట్టుకొంటుంది. చెట్టు పైకి లాగిన నీరు, లవణాలు కాజేస్తుంది. పట్టిన చోట కొమ్మ బుడిపెలా ఉబ్బుతుంది. ఆకులు తెంపితే ప్రయోజనం లేదు, మళ్లీ చిగురిస్తుంది. ఉబ్బుకు కిందుగా కొమ్మనే కోసివేయవలెను, అదీ బదనిక కాయ పండకముందే.

ఆర్కిడ్ సంగతి వేరు. దాని వేళ్లు బెరడును కరచి పట్టుకొంటాయే గాని లోపలికి దిగవు. వేరు మీది తెల్లని స్పంజి వంటి పొర వాననీటిని పీలుస్తుంది, తడిస్తే పచ్చబడుతుంది. ఆకులు మందంగా, పట్టీల్లా, నడుమ గాడితో ఉంటాయి. తన తిండి తానే వండుకొంటుంది. అరుగు మీద అద్దెకున్నదే గాని, వంటింట్లోకి దూరలేదు! వ్యవసాయ సహాయకులు రైతు చేతికి కత్తి ఇచ్చేముందు ఈ రెండింటినీ పక్కపక్కన చూపడం మంచిది.

వేసవిలో నక్కతోకలా కిందికి వేలాడే గెల వేస్తుంది. తెల్లని పూలు, ఊదా చుక్కలు. అస్సాంలో దీన్ని కొపౌ ఫూల్ అంటారు. ఆ రాష్ట్ర పుష్పం ఇదే. ఏప్రిల్‌లో బిహూ నాట్యమాడే ఆడపడుచులు కొప్పున తురుముకొంటారు.

ఆ అందమే దానికి ముప్పు తెచ్చింది. విత్తనం దుమ్ములాంటిది, లోపల తిండి నిల్వ ఉండదు. అడవిలో శిలీంధ్రం తోడైతేగాని మొలవదు. మొలిచాక పూతకు ఏళ్లు పడుతుంది. అందుచేత అడవి నుంచి పీకి తెచ్చిన మొక్కను కొనకండి. గాజుసీసాలలో మొలిపించిన నర్సరీ మొక్క దొరికితే తీసుకొనండి.

గాలికి కొమ్మతో సహా పడిన మొక్క మీ తోటలోనే కనబడితే మట్టిలో మాత్రం పాతవద్దు, కుళ్లిపోతుంది. కొబ్బరి పీచు పరచిన చెక్కకు నారతో కట్టి, పలుచని నీడలో వేలాడదీయండి. ఉదయం పూట వేళ్లు పచ్చబడేదాకా నీళ్లు చిలకరించండి. ఆకుల మొదట నీరు నిలవరాదు. వేళ్లకు కొత్త కొసలు సాగితే బతికినట్లే.