ఏండ్లకొలది కాచు దొండపాదు

బీర, సొర, పొట్ల మున్నగు తీగెలు ఒక్క పంటకాలముతో ముగియును. వాని కుటుంబమునకే చెందిన దొండ మాత్రము బహువార్షికము. దాని వేళ్లు భూమిలో లావెక్కి ఆహారమును దాచుకొనును. పైతీగెను కోసివేసినను మరల చిగుర్చును. శ్రద్ధగా పెంచినచో ఒకసారి నాటిన పాదు మూడు, నాలుగేండ్లు మంచి కాపునిచ్చును. ప్రాచీన కవులు పెదవికి ఉపమానముగా చెప్పిన బింబఫలము ఈ దొండపండే. వంటకు మనకు కావలసినది మాత్రము లేతకాయ.

ఇంత సులభమైన పంటలో నష్టమునకు దారితీయు విషయమొకటి గలదు. దానిని పంచాయతి సభ్యుల దృష్టికి తెచ్చుచున్నాము.

ఆడతీగె, మగతీగె

దొండలో ఆడతీగె వేరు, మగతీగె వేరు. కాయలు కాచునది ఆడతీగె మాత్రమే. గింజల నుండి పెంచిన మొక్కలలో ఇంచుమించు సగము మగవి కావచ్చును. పూత వచ్చువరకు ఆ భేదము తెలియదు. అంతవరకు పోసిన నీరు, వేసిన ఎరువు, పందిరికైన ఖర్చు వ్యర్థమగును. మిగిలిన ఆడమొక్కలకైనను తల్లి గుణము తప్పక వచ్చునను నమ్మకము లేదు.

కావున దొండను తీగెముక్కలతోనే నాటవలెను. పూత సమయమున పరీక్షించినచో, ఆడపువ్వు రేకుల క్రింద చిన్న పిందె కనిపించును. మగపువ్వునకు సన్నని కాడ మాత్రమే యుండును. విరివిగా కాచి, కాయ చేదులేని ఆడతీగెను గుర్తించి ఆనవాలు కట్టవలెను. ఆకులు ముడుచుకొని పసుపు మచ్చలు పడిన తీగెను విడువవలెను. వెఱ్ఱితెగులు ముక్కలతోపాటు క్రొత్త పాదునకు సంక్రమించును. కాయ బాగుగా పట్టుటకు పది ఆడతీగెలకు ఒక మగతీగె నుంచుట మేలు.

నాటుట, పందిరి

తొలకరి వానలు పడిన పిదప నాటుట అనుకూలము. నీరు నిలువని నేల కావలెను. నిలిచినచో వేళ్లు కుళ్లును. రెండేసి మీటర్ల దూరమున గుంతలు త్రవ్వి, చివికిన పశువుల ఎరువును మట్టితో కలిపి నింపవలెను. ముదురు తీగె నుండి నాలుగైదు కణుపులు గల ముక్కలను కోసి, రెండు కణుపులు మట్టిలో నుండునట్లు గుంతకు రెండు చొప్పున నాటవలెను.

మనిషి నిలబడి కాయలు కోయుటకు వీలైన ఎత్తున పందిరి వేయవలెను. రెండు మూడు నెలలలో కాపు మొదలగును. నాలుగైదు దినములకొకసారి లేతకాయలను కోయుచుండవలెను. చలికాలమున పెరుగుదల మందగించి కాపు తగ్గినప్పుడు తీగెను కత్తిరించి, ఎరువు వేసి నీరు పెట్టినచో క్రొత్త కొమ్మలు వచ్చును.

పండుఈగ

పండుఈగ లేతకాయలలో గ్రుడ్లు పెట్టును. పురుగు పట్టిన కాయలను, రాలిన కాయలను ఏరి లోతుగా పాతిపెట్టవలెను. మగ ఈగలను ఆకర్షించు క్యూలూర్ ఎరబుట్టలను కట్టవచ్చును. నాలుగైదు దినములకొకసారి కోత సాగు పంట యగుటచే, నేడు మందు చల్లి ఎల్లుండి కాయ కోయుట తినువారికి హానికరము. మందు తప్పనిసరియైనచో వ్యవసాయాధికారి సలహా పొంది, చెప్పిన గడువు గడచువరకు కోత నిలుపవలెను.

పంచాయతి చేయదగినది

1992వ సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణచే ఏర్పడిన పదునొకండవ షెడ్యూలులో మొదటి అంశము వ్యవసాయము. వ్యవసాయ విస్తరణయు దానిలో చేరియున్నది. మంచి నాటుముక్కను ఇంటింటికి అందించుట అట్టి విస్తరణయే. పూతకాలమున సభ్యులు తమ వార్డులలోని మేలైన తీగెలను గుర్తింపవలెను. యజమానుల అనుమతితో తొలకరిలో ముక్కలు కోయించి, పెరడు గలవారికి పంచవలెను. కుళాయి వద్ద వృథాగా జారు మంచినీరు ఒకటి రెండు పాదులకు చాలును. పాఠశాల ఆవరణలో పందిరి వేసినచో పిల్లల మధ్యాహ్న భోజనమునకు కూర లభించును. మరుసటి యేటికి నాటుముక్కలును అచ్చటనే దొరకును.

దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. ఏ తీగె ఆడదో, ఏది మేలైనదో పూతలోనే చూచి గుర్తు పెట్టుకొను శ్రద్ధ యున్న చాలును.