వార్తల్లో పదం: ఆబ్లిగేషన్

ఒకరు మరొకరికి డబ్బు ఇవ్వడానికో, పని చేసిపెట్టడానికో, ఏదైనా పని చేయకుండా ఉండటానికో చట్టరీత్యా కట్టుబడి ఉండటమే ఆబ్లిగేషన్. రోమన్ న్యాయం నుంచి వచ్చిన ఈ భావనకు ఫ్రాన్స్ 1804 నాటి సివిల్ కోడ్‌లో పెద్దపీట వేసింది. ఆ భాగాన్ని 2016లో సమూలంగా సంస్కరించింది.

పుట్టుక: ఆబ్లిగేషన్ ఒప్పందం ద్వారా పుట్టవచ్చు. ఆ ఒప్పందం చెల్లాలంటే ఇరుపక్షాల సమ్మతి, వారికి తగిన అర్హత, చట్టబద్ధమైన స్పష్టమైన విషయం ఉండాలని ఫ్రాన్స్ సివిల్ కోడ్‌లోని 1128వ ఆర్టికల్ చెబుతోంది. భారత చట్టం సాధారణంగా కోరే ‘ప్రతిఫలం’ ఈ షరతుల్లో లేదు.

చెల్లింపు: ఇస్తానన్నది ఇవ్వడం, చేస్తానన్నది చేయడం. అది డబ్బే కానక్కర్లేదు. డబ్బు బాకీ అయితే, బాకీదారు పరిస్థితిని, అప్పిచ్చినవారి అవసరాలను చూసి కోర్టు రెండేళ్ల దాకా గడువు ఇవ్వగలదు.

ముగింపు: చెల్లింపు ఒక్కటే దారి కాదు. ఇద్దరూ ఒకరికొకరు బాకీ పడితే, ఆ మేరకు చెల్లుకు చెల్లు. అప్పిచ్చినవారు మాఫీ చేయవచ్చు. బాకీదారే అప్పిచ్చినవారికి ఏకైక వారసుడైతే బాకీ దానంతటదే రద్దవుతుంది. పాత బాధ్యతను తొలగించి దాని స్థానంలో కొత్తది తెచ్చుకుంటే అది నోవేషన్. మన 1872 కాంట్రాక్ట్ చట్టంలోని 62వ సెక్షన్ కూడా నోవేషన్‌ను గుర్తిస్తుంది.