సైడ్ కిక్ నేర్చుకునే పిల్లలకు ముందు కావాల్సింది అడుగు

సింగరాయకొండ, కందుకూరు, ఒంగోలు... ఎక్కడ చూసినా తెల్ల డ్రెస్సు వేసుకుని, నడుముకు రంగు బెల్టు కట్టుకుని కరాటేకో టైక్వాండోకో వెళ్లే పిల్లలు ఇప్పుడు కొత్తేం కాదు. మన ఇళ్లలోనూ అబ్బాయిలతో పాటు అమ్మాయిల్నీ పంపుతున్నారు. నాలుగు రోజులు క్లాసుకు వెళ్లొచ్చిన పిల్లాడు ఇంట్లో మొట్టమొదట చూపించేది సైడ్ కిక్కే. గోడ పట్టుకుని, కాలు తల ఎత్తుకు లేపి "అబ్బా, చూడు" అంటాడు. అబ్బా గాల్లో ఉన్న కాలు చూసి మురిసిపోతాడు. అసలు చూడాల్సింది కింద ఉంది. నేల మీద నిలబడ్డ పాదం ఎటు తిరిగి ఉందో ఒక్కసారి చూడండి. ఆ పాదం తిరగకపోతే తన్నులో బలం ఉండదు. దానికి మించిన సంగతి, రోజూ అలాగే తంతూ పోతే మోకాలు పాడయ్యే ప్రమాదం ఉంది.

సైడ్ కిక్‌ను కరాటేలో యోకో గెరి అంటారు, టైక్వాండోలో యోప్ చాగి అంటారు. పక్కకు తిరిగి నిలబడి, మోకాలు మడిచి పొట్ట దగ్గరకు తెచ్చుకుని, అక్కడి నుంచి మడమతో నేరుగా తోయడమే ఈ కిక్. వేళ్లు వెనక్కి లాగి పట్టాలి. మడమ, దాని పక్కన పాదం బయటి అంచు తగలాలి. రౌండ్ కిక్ చెంపదెబ్బలా పక్క నుంచి వచ్చి తగులుతుంది. ఇది మాత్రం బిగుసుకుపోయిన తలుపును కాలితో నెట్టినట్టు ఉంటుంది. రోడ్డు మీద ఆగిపోయిన ఆటోను తోసేటప్పుడు ఏం చేస్తాం? ముందు కాళ్లు నేలకు గట్టిగా ఆనించుకుంటాం. కింద బురద ఉండి జారితే ఎంత కండ ఉన్నా ఆటో కదలదు. సైడ్ కిక్ లెక్క కూడా అదే.

ఇప్పుడు ఆ తిరుగుడు సంగతి. పాదం ఎదుటివాడి వైపే పెట్టి కాలును పక్కకు ఎత్తి చూడండి, కొంత ఎత్తుకే తుంటి దగ్గర పట్టేస్తుంది. తొడ ఎముక మెడ భాగం తుంటి గిన్నె అంచుకు అడ్డం పడటమే కారణం. ఎంత సాగదీసినా ఎముక సాగదు కదా. నిలబడ్డ పాదాన్ని మునివేళ్ల కింది మెత్త మీద తిప్పి, మడమను ఎదుటివాడి వైపుకు తెస్తే నడుము కూడా తిరుగుతుంది, అడ్డు తొలగుతుంది. అదే కాలు అంతకన్నా పైకి లేస్తుంది, వెనక పిరుదు కండరాలు కూడా తోపులో కలుస్తాయి. నేర్చుకునేవాళ్లకు కనీసం 90 డిగ్రీలు తిరగాలి. బాగా అలవాటైన వాళ్ల మడమ దాదాపు నేరుగా ఎదుటివాడి వైపే ఉంటుంది.

మోకాలు ప్రధానంగా తలుపు బందు లాంటిది. ముడుచుకుంటుంది, చాచుకుంటుంది. బరువు మోస్తూ మెలితిరగడానికి అది చేసింది కాదు. పాదం నేలకు అతుక్కుపోయి, పైన నడుము గిర్రున తిరిగితే ఆ మెలి అంతా మోకాలి మీదే పడుతుంది. లోపలుండే లిగమెంటుకో, మెత్తటి మృదులాస్థికో దెబ్బ తగిలితే నెలల తరబడి ఆట మానుకోవాలి, కొందరికి ఆపరేషన్ దాకా వెళ్తుంది. అందుకే వరస ముఖ్యం. మోకాలు పైకి లేపుతున్నప్పుడే పాదం తిరిగిపోవాలి, ఆ తర్వాతే తన్ను. చాలామంది పిల్లలు ముందు తన్నేసి తర్వాత తిరుగుతారు. నా దృష్టిలో క్లాసుల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. ఎత్తుకు తన్నినవాణ్ణి మెచ్చుకుంటారు కాబట్టి ఎవరూ దీన్ని పట్టించుకోరు.

ఇక ఎదుటివాడి దగ్గరకు చేరే అడుగులు. అన్నిటికన్నా ముందు నేర్పేది, ఎక్కువగా పనికొచ్చేది, చేర్చి తన్నడం. వెనక పాదాన్ని నేలకు రాసుకుంటూ ముందు పాదం పక్కకు జరపాలి. అది వచ్చీ రాగానే ముందు కాలు లేచిపోవాలి. క్యారమ్స్‌లో స్ట్రైకర్ తగలగానే కాయిన్ ముందుకు పోతుంది చూడండి, అలాగన్నమాట. రెండు పాదాలూ చేరాక ఒక్క క్షణం ఆగారా, ఊపు పోయినట్టే. ఈ జరగడంలో తల పైకీ కిందికీ ఊగకూడదు. నెత్తిన నీళ్ల బిందెతో నడిచే ఆడవాళ్లు ఎలా నడుస్తారో అలా రావాలి. తల లేచిందంటే కిక్ వస్తోందని ఎదుటివాడికి ముందే తెలిసిపోతుంది.

దూరం ఎక్కువగా ఉంటే దాటు అడుగు. వెనక కాలు, ముందు కాలికి వెనక వైపు నుంచి దాటి అవతల పడుతుంది. అలా పడేటప్పుడే ఆ మడమ సగం ఎదుటివాడి వైపు తిరిగి ఉంటుంది కాబట్టి మిగిలిన తిరుగుడు తేలిక. కాకపోతే ఆ క్షణంలో రెండు కాళ్లూ మెలిపడి ఉంటాయి. అప్పుడు ఎవరైనా తోస్తే పడిపోవడం ఖాయం. ఎదుటివాడే మీదికి దూసుకొస్తుంటే మాత్రం ఈ రెండూ అక్కర్లేదు. వెనక పాదం జానెడు వెనక్కి జరిపి, బరువు దాని మీద వేసి, ముందు కాలు లేపితే చాలు. అతనొచ్చే వేగమే దెబ్బకు బలం ఇస్తుంది. వీపు తిప్పి తన్నే రకం ఇంకోటి ఉంది. సినిమాల్లో అందంగా ఉంటుంది, మొదటి ఏడాది దాని జోలికి పోకపోవడమే మంచిది.

సినిమా అంటే గుర్తొచ్చింది. 1999లో 'తమ్ముడు' కిక్ బాక్సింగ్ చూపించింది, 2001లో శ్రీహరి 'భద్రాచలం' టైక్వాండోను ఇంటింటికీ తెచ్చింది. వీళ్లందరికన్నా ముందు బ్రూస్ లీ ఉండనే ఉన్నాడు. 1973లోనే చనిపోయినా ఆయన సైడ్ కిక్‌ను ఇంకా చూస్తూనే ఉన్నారు. ఆ వీడియోల్లో డాలు పట్టుకున్న మనిషి వెనక్కి ఎగిరిపడటం అందరూ చూస్తారు. ఈసారి తన్నుకు ముందు ఆయన వెనక పాదం ఎంత దూరం జరిగి వచ్చిందో చూడండి.

పోటీల్లోనూ ఈ కిక్‌కు విలువ పెరిగింది. టైక్వాండోలో ఛాతీ కవచం మీద మామూలు కిక్ తగిలితే 2 పాయింట్లు, తలకు తగిలితే 3. గుద్దుకు ఒక్కటే. 2012 లండన్ ఒలింపిక్స్ నుంచి కవచంలో ఎలక్ట్రానిక్ సెన్సర్లు వచ్చాయి. అప్పటి నుంచి ముందు కాలు ఎత్తి పట్టుకుని, ఒంటి కాలి మీద చిన్నగా గెంతుతూ సైడ్ కిక్‌తో ఎదుటివాణ్ణి దూరంగా ఆపే పద్ధతి బాగా పెరిగింది. 2016 రియోలో ఇరాన్ అమ్మాయి కిమియా అలీజాదే తలకు హిజాబ్, దాని మీద హెల్మెట్ పెట్టుకుని 57 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. ఇరాన్ మహిళలకు అదే తొలి ఒలింపిక్ పతకం. అదే రియోలో అహ్మద్ అబూ గౌష్ స్వర్ణం గెలిచి జోర్డాన్‌కు తొలి ఒలింపిక్ పతకం తెచ్చాడు, అదీ టైక్వాండోలోనే. మన దగ్గర హైదరాబాద్ అమ్మాయి సయ్యదా ఫలక్ కరాటేలో దేశం తరఫున పోటీపడింది.

ప్రాక్టీస్ ఎక్కడ చేస్తున్నారన్నది కూడా చూసుకోవాలి. ఫజర్ తర్వాత పాకల బీచ్‌కు వెళ్లి పరుగెత్తడం, అడుగులు వేయడం పిక్కలకు, మడమలకు మంచిదే. కానీ పొడి ఇసుకలో పాదం కూరుకుపోతుంది, తిరగదు. అక్కడ గట్టిగా సైడ్ కిక్‌లు చేయొద్దు. రబ్బరు సోలు బూట్లతో సిమెంటు నేల మీదా అదే ఇబ్బంది. ఇంట్లో గచ్చు మీద వట్టి కాళ్లతో, నేల తడి లేకుండా చూసుకుని చేస్తే పాదం హాయిగా తిరుగుతుంది. సుద్దముక్కతో నేల మీద ఒక గీత గీయండి. గోడ పట్టుకుని, గీత మీద పాదం పెట్టి, మోకాలు లేపుతూ మడమ తిప్పి ఆగాలి. మెల్లగా కాలు చాచి, మళ్లీ మడిచి, దించాలి. ఒక్కో కాలికి పది చాలు. గాల్లోకి తన్నేటప్పుడు మోకాలు పూర్తిగా బిగదీయకుండా కాస్త వంపు ఉంచాలి. అమ్మాయిలకు పొడుగు కుర్తా అంచు మోకాలికి అడ్డం పడుతుంది. చీలిక ఉన్న పొట్టి కుర్తా, వదులు పైజామా అయితే ఏ ఇబ్బందీ లేదు.

అమ్మాయిల్ని ఆత్మరక్షణ కోసమే పంపుతున్నామనే అమ్మీలు ఉన్నారు. రెండు నెలల క్లాసుతో మా పాప ఎవరినైనా పడగొడుతుందని నమ్మకండి. సైడ్ కిక్ ఇచ్చేది దూరం. మీదికొచ్చినవాణ్ణి రెండడుగులు వెనక్కి నెడితే పారిపోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. అందుకే తన్నిన కాలును మడిచి, వెనక్కి తెచ్చి దించడం కూడా నేర్పమని మాస్టారును అడగండి. చాచిన కాలు అలాగే ముందుకు పడేస్తే పాప మళ్లీ అతని చేతికి అందేంత దగ్గరకు వెళ్లిపోతుంది.