పాత ట్రాక్టరు సెల్ఫు తిరుగకున్నచో

తొలకరి పదను రైతు తీరికకై వేచియుండదు. వాన వెలిసి నేల ఆరుచుండగనే దుక్కి సాగవలెను. రెండు దినములు జారినచో చేను గట్టిపడును, విత్తు వెనుకబడును. సరిగా అట్టి ఉదయముననే, వేసవి అంతయు పాకలో నిలిచియున్న పాత ట్రాక్టరు మొరాయించుట మన గ్రామములలో తరచుగా చూచుచున్నాము. తాళము త్రిప్పగా "టక్కు" మను ఒక్క చప్పుడు వినవచ్చును, పిమ్మట నిశ్శబ్దము. రైతు తొందరపడి సెల్ఫు మోటారును ఊడదీయించి పట్టణమునకు పంపును. బాగుచేయించి తెచ్చి బిగించిన పిదపను బండి అట్లే యుండును. ఏలయన, దోషము సెల్ఫులో లేదు. బ్యాటరీ కొనలకు పట్టిన చిలుములో నున్నది. పదనును పోయినది, పైకమును పోయినది.

కావున సోదర రైతులు జ్ఞప్తియందుంచుకొనవలసిన సూత్రమొక్కటియే: బ్యాటరీయొద్ద మొదలిడి, కరెంటు నడచు త్రోవ వెంట వరుసగా పరీక్షించుచు పోవలెను, సెల్ఫును కట్టకడపట ముట్టవలెను.

చెరువును కాలువయును

బ్యాటరీని చెరువనుకొందము. లావు తీగ కాలువ, సాలినాయిడు తూము, సెల్ఫు మోటారు పొలము. ఇంజను ఇనుముగుండ తిరిగి బ్యాటరీకి చేరు ఎర్తు తీగ మురుగు కాలువ వంటిది. వీనిలో ఏ యొక్కటి పూడినను పొలమునకు నీరు పారదు. డీజిలు ఇంజనును త్రిప్పుటకు సెల్ఫునకు కొన్ని వందల ఆంపియర్ల కరెంటు కావలెను. దీపమునకు కొలది ఆంపియర్లు చాలును. అందుచేత "దీపము వెలుగుచున్నది గదా, బ్యాటరీ బాగున్నది" అనుకొనుట పొరపాటు. సగము పూడిన కాలువ ఆకుమడిని తడుపవచ్చును గాని పొలమంతటిని తడుపజాలదు.

ముందు జాగ్రత్త

గేరును న్యూట్రలులో నుంచి, చేతి బ్రేకు వేసి, చక్రములకు రాళ్లు అడ్డు పెట్టవలెను. ఛార్జి యగుచున్న బ్యాటరీ నుండి మండెడు వాయువు వెలువడును. కావున చెంత బీడీ, అగ్గిపుల్ల తగదు. తీగలు విప్పునపుడు బండి ఇనుమునకు కలిపిన ఎర్తు తీగను మొదట తీసి, బిగించునపుడు దానినే కడపట బిగింపవలెను. ఫెర్గూసన్, ఫోర్డ్‌సన్ వంటి పూర్వపు బండ్లు కొన్నింటిలో ధన ధ్రువమే ఎర్తునకు కలుపబడియుండును గనుక, గుర్తు చూచి గాని చేయి వేయరాదు. ఎసిడు మేనిపై పడినచో వెంటనే విస్తారమైన నీటితో కడుగవలెను.

దీపము పరీక్ష

ముందటి దీపము వెలిగించి, ఒకరు తాళము త్రిప్పుచుండగా మరియొకరు దీపమును చూడవలెను.

దీపము పూర్తిగా ఆరిపోయినచో బ్యాటరీ నీరసించినదనియో, కొనలు వదులైనవనియో తెలియదగును. "టకటక" మని వరుసగా చప్పుడగుటయు దీనికే గుర్తు.

దీపము ఏమాత్రము తగ్గక వెలుగుచున్నచో కరెంటు సెల్ఫును చేరుటయే లేదు. తాళపు స్విచ్చి, సాలినాయిడునకు పోవు సన్న తీగ, న్యూట్రలు స్విచ్చి చూడవలెను. మాసీ ఫెర్గూసన్ 35 వంటి బండ్లలో హై, లో గేరు కడ్డీ నడిమి స్థానమున నున్నగాని సెల్ఫు పలుకదు. గడ్డివాము చెంత నిలిపిన బండ్లలో ఎలుకలు తీగలు కొరికివేయుటయు కలదు. "టక్కు" మని ఒక్క చప్పుడు మాత్రమే వచ్చి దీపము తగ్గకున్నచో సాలినాయిడు లోపలి రాగి బిళ్లలు కాలియుండవచ్చును, లేక సెల్ఫులోని కార్బన్లు అరిగియుండవచ్చును.

దీపము మిక్కిలి మందగించి సెల్ఫు మూలిగినచో బ్యాటరీ చాలకుండుటయో, సెల్ఫు లోపల పట్టుటయో, ఇంజనే బిగిసియుండుటయో కావచ్చును.

కొన్ని బండ్లలో తాళము సెల్ఫు స్థానమునకు పోగానే దీపము తానుగా ఆరును. అట్టి వానికి వోల్టుల మీటరే శరణ్యము.

బ్యాటరీయును తీగలును

నిండుగా ఛార్జియైన 12 వోల్టుల బ్యాటరీ, పనిలేని వేళ సుమారు 12.6 వోల్టులు చూపును. 12.2 వోల్టులకు దిగినచో సగమే మిగిలినదని ఎరుగవలెను. సెల్ఫు కొట్టునపుడు 9.6 వోల్టులకు లోబడినచో ముందుగా ఛార్జి చేయించవలెను. ఛార్జి పిదపను అట్లే దిగినచో ఆ బ్యాటరీ కాలము తీరినదన్నమాట. హైడ్రామీటరుతో సెల్లులను చూచినపుడు ఒకదానికిని మరియొకదానికిని 0.050 మించి భేదమున్నచో ఆ తక్కువ సెల్లు చెడినది. నీరు తగ్గినచో డిస్టిల్డు నీరే పోయవలెను. బావినీరు గాని, బోరునీరు గాని, ఎసిడు గాని పోయరాదు.

పిమ్మట కొనలను విప్పి, పట్టిన చిలుమును వంటసోడా కలిపిన నీటితో కడిగి, గరుకుకాగితముతో మెరయునట్లు రుద్ది, గట్టిగా బిగించి, పైన గ్రీజు పూయవలెను. సోడా నీరు సెల్లులలోనికి పోకుండ మూతలు బిగించి యుంచవలెను. ఎర్తు తీగ ఇంజనుతో కలియుచోటను రంగు, తుప్పు, నూనెజిడ్డు లేకుండ ఇదే విధముగా శుభ్రము చేయవలెను. ఈ చోటును చూచువారు తక్కువ. దోషము తరచుగా ఇచ్చటనే యుండును. తీగ మార్చవలసివచ్చినచో మొదటి దానికంటె సన్నని తీగ వేయరాదు.

మీటరు గలవారు సెల్ఫు కొట్టించుచు, బ్యాటరీ ఎర్తు ధ్రువమునకును సెల్ఫు ఒంటికిని నడుమ కొలిచి చూడవలెను. అర వోల్టు మించినచో మురుగు కాలువ పూడినదన్నమాట. రెండవ ధ్రువమునకును సెల్ఫుపై లావు బోల్టునకును నడుమ ఇట్లే చూచినచో ఆ ప్రక్క కాలువ సంగతి తెలియును.

ఇంజను బిగిసినదా?

త్రోవ అంతయు సరిగా నున్నను సెల్ఫు కదలకున్నచో, స్టాపు తీగ లాగి, ఎర్తు తీగ విప్పి, ముందటి పుల్లీ నట్టునకు పెద్ద పానా వేసి ఇంజనును అది నడచు దిక్కునకే త్రిప్పవలెను. ఒకచోట బరువుగా ఆగి మెల్లగా దాటిపోయినచో భయము లేదు. అది గాలి ఒత్తిడి. బొత్తిగా కదలకున్నచో సిలిండరులో నీరో డీజిలో చేరియుండవచ్చును. బలవంతముగా త్రిప్పినచో లోని కడ్డీ వంగిపోవును, మెకానిక్కును పిలిపింపవలెను. ఇంజను సులభముగా తిరుగుచు, సెల్ఫు మాత్రము ఒంటరిగా గిరగిర తిరిగి ఇంజనును పట్టకున్నచో దాని పండ్లచక్రమును చూడవలెను. చెక్కసుత్తితో మెల్లగా తట్టిన పిదప సెల్ఫు తిరిగినచో కార్బన్లు అరిగినవని గుర్తు. అది గుర్తే గాని చికిత్స కాదు. ఇప్పుడు సెల్ఫును విప్పుట న్యాయము.

ప్రాణము మీదికి తెచ్చెడి అలవాటు

క్రింద నిలుచుండి స్క్రూడ్రైవరుతో సెల్ఫు బోల్టులను కలిపి బండిని లేపుట కొందరికి అలవాటు. అట్లు చేసినపుడు న్యూట్రలు స్విచ్చి కాపాడజాలదు. గేరు పడియున్నచో బండి లేచినంతనే ముందుకు దూకును. పెద్ద చక్రము ఎదుట నున్నవాడు తప్పుకొనుటకు వ్యవధి యుండదు. ఇట్లు ప్రాణములు పోయినవి. ఎంత తొందర యున్నను సీటుపై కూర్చుండియే బండిని లేపవలెను. సెల్ఫును ఒక్కమారు 10 సెకండ్లకు మించి కొట్టక, నడుమ ఒక నిమిషమైన ఆగవలెను. లేనిచో అది వేడెక్కి కాలిపోవును.

సంఘము చేయదగినది

ఒక వోల్టుల మీటరును ఒక హైడ్రామీటరును ప్రతి రైతును కొననక్కరలేదు. సంఘమునకొక జత యుండి, అడిగిన సభ్యునకు ఒక పూట ఇచ్చినచో ఊరి బండ్లన్నిటికిని చాలును. తొలకరికి పదునైదు దినముల ముందే బ్యాటరీని ఛార్జి చేయించి, కొనలు తుడిచి, ఒకమారు బండిని లేపి చూచుకొన్న రైతునకు వాన వెలిసిన ఉదయమున చింత యుండదు. పదను వచ్చిన పిదప పానా వెదకుటకంటె, పదనునకు ముందే పానా పట్టుట మేలు.