రేగడి కింద రాయి ఎంత లోతు?

పల్నాడులోని ఎత్తిపోతల జలపాతం దగ్గర కమ్మీలు పట్టుకుని నిలబడినవాళ్లంతా నీళ్లనే చూస్తారు. సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి చంద్రవంక వాగు దూకుతుంటే కళ్లు ఇంకెటు పోతాయి! కానీ ఒక్కసారి చూపు పక్కకు తిప్పండి. నీళ్లు తాకని చోట బండ గోడలా నిలిచి ఉంటుంది. పలక మీద పలక పేర్చినట్టు పొరలు. ఏరు కోసి చూపించింది ఆ 70 అడుగులే. ఆ కింద కిలోమీటర్ల కొద్దీ ఉన్న రాతిని ఎలా చూడాలి?

కంటికి అందనిదాన్ని చెవితో పట్టాలి. నాపరాయి కొనేటప్పుడు సుత్తితో మెల్లగా తట్టి చూస్తాం కదా. గట్టి రాయి ఖంగుమంటుంది, లోపల పగులుంటే బొంగురుగా పలుకుతుంది. భూమినీ ఇలాగే తడతారు. గుంట తవ్వి పేలుడు మందు పేలుస్తారు, లేదా బరువైన యంత్రంతో నేలను అదిలిస్తారు. ఆ అదురు తరంగాలై లోపలికి వెళ్లి, రాయి మారిన ప్రతిచోటా కొంత వెనక్కి మళ్లుతాయి. నేలలో గుచ్చిన జియోఫోన్లు వాటిని అందుకుంటాయి. అరచేతిలో ఇమిడే ఆ పరికరంలో ఉండేది ఒక అయస్కాంతం, స్ప్రింగుకు వేలాడే తీగచుట్ట. నేల కదిలితే చుట్టలో కరెంటు పుడుతుంది.

చిక్కంతా ఇక్కడే. జియోఫోన్ చెప్పేది కాలం, లోతు కాదు. తరంగం వెళ్లి రావడానికి 2 సెకన్లు పట్టిందనుకుందాం. రాతిలో దాని వేగం సెకనుకు 5 కిలోమీటర్లయితే ఆ పొర 5 కిలోమీటర్ల లోతున ఉన్నట్టు. వేగం 6 అయితే లోతూ 6. వేగం తప్పితే బొమ్మ మొత్తం తప్పుతుంది.

పల్నాటి రేగడి చేనునే తీసుకోండి. 10 మీటర్ల మందాన మన్ను, అందులో వేగం సెకనుకు 500 మీటర్లు అనుకుందాం. కింద సున్నపురాయిలో 5,000. ఆ మన్నును కూడా రాయిగానే లెక్కేస్తే, అడుగున చదునుగా ఉన్న పొర ఆ చేను కింద మాత్రం 90 మీటర్లు కుంగినట్టు కనిపిస్తుంది. లేని గుంత అది! అందుకే ముందు ఒక వేగాల నమూనా ఊహిస్తారు. దాని ప్రకారం తరంగం ఎప్పుడు రావాలో లెక్కగట్టి, నిజంగా వచ్చిన కాలంతో పోలుస్తారు. తేడా వస్తే వేగాలు సవరించి మళ్లీ లెక్క. కాలాలు కుదిరేదాకా ఇదే పని.

మన నేల మీద ఈ పని పెద్ద ఎత్తున జరిగింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1970లలో సోవియట్ శాస్త్రవేత్తల సహకారంతో కావలి నుంచి ఉడిపి దాకా, దాదాపు 600 కిలోమీటర్ల గీత వెంట భూమిని విన్నది. ఆ సంస్థకు చెందిన కె.ఎల్. కైలా బృందం 1979లో ఆ ఫలితాలు ప్రచురించింది. ఆ దారిలో భూపటలం, అంటే భూమి పై పెంకు, మందం సుమారు 34 నుంచి 41 కిలోమీటర్లు. తర్వాత అలంపురం నుంచి కోస్తా వైపు వేసిన మరో గీత కడప బేసిన్ (పొరల రాళ్లు పేరుకున్న పాతకాలపు పల్లం) ఉత్తర భాగాన్ని దాటింది. పల్నాడు ఆ బేసిన్‌దే.

కావలి గీత కూడా ఈ బేసిన్ మీదుగానే సాగింది. అందులో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది బేసిన్ తూర్పు అంచు. అక్కడ పాతకాలపు రాళ్లు, తమకంటే తర్వాత పుట్టిన పొరల మీదికి, తక్కువ వాలు ఉన్న పగులు వెంట ఎక్కి కూర్చున్నాయని తేలింది. తాత మనవడి భుజాలెక్కినట్టు. పైనుంచి నడిచేవాడి కాలికి తగిలేది ఆ పాత రాయి మాత్రమే.