చొక్కా లోపలి చీటీ

పోయిన ఆదివారం బట్టలు ఉతికే దగ్గర మేం ఒక పని చేసినం. ఒక్కొక్కరి చొక్కా, టాపు, స్వెటరు మెడ దగ్గర తిప్పి లోపలి చీటీ చదివినం. ఒక టీషర్టు మీద మేడ్ ఇన్ బంగ్లాదేశ్ అని ఉంది. ఎనిమిదో తరగతి చెల్లె జర్కిన్ మీద చైనా అని ఉంది. కొన్నింటి మీద తిరుప్పూర్, కొన్నింటి మీద సూరత్. ఎక్కువ వాటికి చీటీయే లేదు. ఏ ఊర్లో, ఎవరు కుట్టిన్రో వాటిని అడిగితే చెప్పవు కదా. మా గదిలో అందరికీ అప్పుడు ఒకటే అనుమానం వచ్చింది. బంగ్లాదేశ్ నుంచి ఇంత దూరం వచ్చిన టీషర్టు కోదాడ బస్టాండు బయట అంత తక్కువకు ఎట్ల అమ్ముతున్నరు? సోషల్ మేడమ్ గారిని అడిగి, పాత పేపర్లు చూసి నాకు తెలిసింది రాస్తున్న.

మొదలు పత్తి నుంచి చెప్పాలె. మా నాన్న పత్తి పెడతడు. మన దిక్కు కాలువ కింద ఉన్నోళ్లకు వరి, కాలువ లేనోళ్లకు పత్తి. ఏరిన పత్తి జిన్నింగు మిల్లుకు పోయి గింజ వేరు అయితది, తర్వాత దూది వడికి నూలు చేస్తరు. మన దేశం నుంచి నూలు ఎక్కువగా కొనే దేశాలలో బంగ్లాదేశ్ ఒకటి. అక్కడ ఆ నూలును బట్ట చేసి, కుట్టి, లోకమంతా అమ్ముతరు. 2011లో మన ప్రభుత్వం బంగ్లాదేశ్ బట్టల మీద దిగుమతి సుంకం తీసేసింది. అప్పటి నుంచి అక్కడ కుట్టినవి సుంకం లేకుండా మనకు వస్తున్నయి. అంటే మా నాన్న ఏరిన పత్తే దేశం దాటి పోయి, టీషర్టు అయి, మళ్లీ మన కోదాడ బస్టాండు ముందర వేలాడొచ్చు. మా నాన్నకు ఈ మాట చెప్తే నవ్విండు. "నేను కిలోల్లో అమ్ముత, వాళ్లు జతల్లో అమ్ముతరు" అన్నడు.

తక్కువ ధరకు ఎట్ల వస్తది అంటే ఒక కారణం కూలి. అక్కడ కుట్టేది ఎక్కువ మంది ఆడవాళ్లు, ఊర్ల నుంచి పట్నం పోయిన మన అక్కల వంటి వాళ్లే. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సవార్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం కూలింది. అందులో బట్టలు కుట్టే కంపెనీలు ఉండె. ముందు రోజే గోడలు పగిలినయి, అయినా తెల్లారి పనికి రమ్మన్నరు. 1,100 మంది కంటే ఎక్కువ చనిపోయిన్రు. ఇది చదివిన రాత్రి ఆ టీషర్టు ఉన్న పిల్ల దాన్ని మడిచి పెట్టెలో అడుగున పెట్టింది. పాపం, దాని తప్పు ఏముంది? టీషర్టు తప్పు కూడా కాదు.

రెండో కారణం బట్టే వేరు. చౌక బట్ట ఎక్కువ భాగం పాలిస్టర్. అది చేనులో పండదు, పెట్రోలియం నుంచి తీస్తరు. పాలిస్టర్ బట్ట చైనాలో చాలా పెద్ద ఎత్తున తయారు అయితది. 2024 మార్చిలో మన ప్రభుత్వం కొన్ని రకాల సింథటిక్ అల్లిక బట్ట కిలో 3.5 డాలర్ల కంటే తక్కువ ధరకు దిగుమతి చేయొద్దని పెట్టింది. బట్టను కిలోల్లో లెక్క పెడతరని నాకు అప్పుడే తెలిసింది. మన సిరిసిల్ల మరమగ్గాల మీద నేసేది కూడా ఎక్కువ పాలిస్టరే, 2017లో మొదలు పెట్టిన బతుకమ్మ చీరలు ఎక్కువగా అక్కడే నేసిన్రు.

పాలిస్టరా నూలా అని తెలుసుకోవాలంటే మా దాదికి లేబుల్ అక్కర లేదు. అంచు నుంచి ఒక పోగు గుంజి దీపానికి పెడతది. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అయితది. పాలిస్టర్ అయితే ముడుచుకుని కరిగి నల్ల పూస లెక్క గట్టిగ అయితది. సైన్సు పుస్తకంలో కూడా ఇదే ఉంది, కానీ దాది చదువుకోలేదు. (వార్డెన్ మేడమ్ గారు, ఈ పరీక్ష మేం గదిలో చేయలేదు, ఇంటి దగ్గర చూసిందే రాస్తున్న.) పొయ్యి దగ్గరికి పాలిస్టర్ చున్నీ వేసుకుని పోవద్దని అమ్మ తిట్టేది ఇందుకే. అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటది.

ఇప్పుడు ఫోన్ల సంగతి. మన దగ్గర హాస్టల్లో ఫోన్లు లేవు గాని సెలవులకు పోతే తండాలో అందరి చేతిలో అదే. 2019 వరకు ఒక చిత్రం జరిగేది. చైనా యాపులలో కొన్న బట్టలు చాలా పార్సిళ్ల మీద గిఫ్టు అని రాసి పంపేటోళ్లు. 5,000 రూపాయల లోపు గిఫ్టుకు సుంకం లేకుండె. అమ్మకానికి పెట్టింది గిఫ్టు ఎట్ల అయితది? 2019 డిసెంబర్‌లో ప్రభుత్వం దాన్ని బంద్ పెట్టింది. ప్రాణం కాపాడే మందులకు, రాఖీలకు మాత్రం వదిలింది. రాఖీతో పాటు పంపే బహుమతికి లేదు, ఒట్టి రాఖీకే. 2020 జూన్ 29న 59 చైనా యాపులను నిషేధించినప్పుడు బట్టలు అమ్మే షీఇన్ కూడా పోయింది. 2025 ఫిబ్రవరిలో అదే పేరు రిలయన్స్ వాళ్ల ద్వారా మళ్లీ వచ్చింది, ఈసారి మన దేశంలో కుట్టిన బట్టలతో. అమెరికా వాళ్లు కూడా 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఇచ్చిన సుంకం మాఫీని 2025లో తీసేసిన్రు, మే 2న చైనాకు, ఆగస్టు 29న అన్ని దేశాలకు. మన దేశం 2025 మే 17న బంగ్లాదేశ్ రెడీమేడ్ బట్టలు భూమార్గంలో రావొద్దు, కలకత్తా, నవా శేవా ఓడరేవుల నుంచే రావాలె అన్నది.

ఇవన్నీ చూస్తే బయటి బట్టలకు తలుపులు మూస్తున్నరు, కాబట్టి ధర పెరుగుతది, మన షాపులు బాగుపడతయి అనిపిస్తది. నాకు మాత్రం అట్ల అనిపించలేదు. తలుపు మూస్తే చీటీ మీద దేశం పేరు మారుతున్నది, ధర మారతలేదు. చౌక బట్ట ఇప్పుడు సూరత్‌లోనే బోలెడు తయారైతది. ఇంకొకటి, తలుపు ఒక దిక్కు మూసి ఇంకో దిక్కు తీస్తరు. 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబర్ 31 వరకు బయటి పత్తి మీద ఉన్న 11 శాతం సుంకం తీసేసిన్రు. మిల్లులకు అది మంచిదే. కానీ మా చేన్లలో పత్తి ఏరే కాలం కూడా అదే. ఆ ఏడు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ అనే యాపులో స్లాటు తీసుకోవాలె, తేమ 12 శాతం దాటొద్దు. అక్టోబర్ చివర మొంథా తుఫాను వానకు పత్తి తడిసింది. మా అన్న ఫోనులో స్లాటు వెతుకుతుంటే నాన్న వాకిట్లో పత్తి ఆరబోసిండు. కొనుడు ఒక్కటే కాదు, అమ్ముడు కూడా ఫోనులోకే పోయింది.

మా అమ్మ వాళ్ల కాలంలో బట్టలు ఎట్ల కొనేవాళ్లో అడిగిన. తండా నుంచి మిర్యాలగూడ పోయి ఒకే సేటు దగ్గర కొనేవాళ్లట. ఖాతా ఉండేది. తీజ్ పండుగకు బట్ట తెచ్చుకుని పత్తి అమ్మినంక పైసలు కట్టేది. సేటు వడ్డీ కలిపే ధర చెప్తడని అందరికీ తెలుసు, అయినా పోయేవాళ్లు, ఎందుకంటే చేతిలో పైసలు లేనప్పుడు ఇచ్చేది ఆయనే. ఆ బట్ట తెచ్చి దాది ఫేటియా, కాంచళి కుట్టేది. అద్దాలు, గవ్వలు ఒక్కొక్కటి చేతితోనే. ఒక ఫేటియాకు నెలలు పట్టేది, ఇరవై ఏండ్లు కట్టేది. కర్ణాటకలో సండూరు లంబాడీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇప్పుడు అదే కుట్టును బొమ్మ తీసి పాలిస్టర్ మీద అచ్చు కొట్టి అమ్ముతున్నరు. అద్దం ఉన్నట్టే కనపడతది, ముట్టుకుంటే చదును. దాది దాన్ని గోరుతో గీకి చూసి ఏం అనకుండ పక్కన పెట్టింది.

పెళ్లి బట్టలకు మాత్రం ఇప్పటికీ ఆటో మాట్లాడుకుని పది పన్నెండు మంది సూర్యాపేట పోతరు. పెళ్లికూతురి చీర ఒక్కటి పొద్దంతా చూస్తరు. చుట్టాలకు పెట్టే చీరలు మాత్రం కట్టలకు కట్టలు పది నిమిషాల్లో అయిపోతది. ఆ చీరలు ఎవరూ కట్టరు. ఒక పెళ్లిలో వచ్చింది ఇంకో పెళ్లిలో పెడతరు. మా ఇంట్లో ఒక పచ్చ చీర నాలుగు పెళ్లిళ్లు తిరిగి మళ్లీ మా దగ్గరికే వచ్చింది, మడత కూడా ఇప్పలేదు. దీన్ని మనం అవసరం అనాల్నా?

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం మా అక్క. ఇంటర్ అయినంక సూర్యాపేటలో ఒక బట్టల షాపులో చేరింది. దసరాకు ఎప్పుడూ కొత్త పిల్లలను తీసుకునే షాపు పోయిన దసరాకు ఎవరినీ తీసుకోలేదు, ఉన్నవాళ్లలో ఇద్దరిని సంక్రాంతి తర్వాత రమ్మన్నరు. అక్కను ఉంచుకున్నరు, ఎందుకంటే అక్కకు మన గోర్‌బోలి వస్తది, తండా ఆడవాళ్లతో మాట్లాడుతది. అక్కకు వచ్చే జీతంలోంచే నా నోటుబుక్కులు, చెల్లె బస్సు చార్జీలు. యాపులో కొనొద్దని నేను ఎవరికీ చెప్పలేను. పోయినసారి మా అన్న అందులో కొన్న డ్రెస్సే నేను వేసుకున్న, బాగానే ఉంది. సైజు పెద్దగ వస్తే అమ్మ పక్కలు కుట్టింది.

షాపు ఓనరు ఇప్పుడు కొత్త పద్ధతి పెట్టిండు. అక్క పొద్దున్నే చీరలు భుజం మీద వేసుకుని ఫోను ముందర నిలబడతది, వీడియో కాల్‌లో తండాలకు చూపిస్తది. నచ్చింది చెప్తే బస్సులో కట్ట పంపుతరు, పైసలు ఫోనులోనే. సెలవుల్లో నేను ఉన్నప్పుడు మా ఇంటికి కూడా కాల్ చేసింది. అమ్మ ఫోనును దూరం పెట్టి చూసి, "అంచు తిప్పి చూపియ్యి" అన్నది. అక్క తిప్పింది. "కొంగు?" కొంగు చూపింది. "వెలుగుకు పట్టు, పలుచగ ఉందేమో." అక్క గడప దాక పోయి ఎండకు పట్టింది. అమ్మ ఫోను మీద చెయ్యి పెట్టి బట్ట పట్టుకున్నట్టు వేళ్లు రెండు రుద్దింది, తర్వాత నవ్వి, ఆదివారం తనే వస్తనని చెప్పింది.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని